వేగము తగ్గుటకు మందు తగ్గించిన చాలునా?

పొయ్యి రాజేయునప్పుడు ఎవరును మొదటనే మొద్దులను పెట్టరు. కొబ్బరిపీచును, ఎండుపుల్లలను ముందుగా అంటించి, మంట నిలదొక్కుకొనిన పిమ్మట చీల్చిన కట్టెలను, ఆ తరువాత లావుకట్టెలను పెట్టుదురు. కిలో పుల్లలలోను, కిలో మొద్దులోను ఉన్నది ఒకే కట్టె. కాలినపుడు వెలువడు ఉష్ణము కూడ దాదాపు ఒకటే. అయినను పుల్లలు క్షణములో భగ్గున మండి చల్లారును. మొద్దు గంటలకొలది కాలును. భేదము పదార్థములో లేదు. మంట తగులు ఉపరితలములో ఉన్నది.

తుపాకిలో మందు ఎట్లు మండునో తెలిసికొనుటకు ఈ పొయ్యి పాఠమే పునాది. దీని సహాయముతో ఒక చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుదము. ఒక రైఫిలు గుండును మామూలు వేగములో సగము వేగముతో పంపవలెనన్నచో, తూటాలోని మందును కూడ సగము చేసిన సరిపోవునా? మొదట విన్నప్పుడు సరిపోవుననియే తోచును. కాని సరిపోదు. అంతేకాదు, అట్లు చేయుట ప్రాణాపాయకరము.

ఈ ప్రశ్న ఊరక పుట్టినది కాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో, కాల్చిన తూటాల ఇత్తడి గుల్లలను తిరిగి మందుతో నింపుకొనుట చాలమందికి అలవాటు. క్రొత్తగా గురి నేర్చుకొనువారి భుజముపై తాకిడి తగ్గవలెననియో, పాత తుపాకిపై ఒత్తిడి పడరాదనియో, దగ్గరి గురులపై అభ్యాసము చేయవలెననియో వారు తక్కువ వేగపు తూటాలను కోరుదురు. మన దేశములో 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము తూటాలను చేయుటకుగాని, దగ్గర ఉంచుకొనుటకుగాని అనుమతిపత్రము ఉండితీరవలెను. కనుక ఇది మనము చేసి చూడవలసిన పని కాదు. కాని దీనిలో దాగిన భౌతిక, రసాయనశాస్త్ర సూత్రములు ప్రతి విద్యార్థియు తెలిసికొనదగినవి.

గొట్టములో జరుగునదేమి?

తూటాలో నాలుగు భాగములు కలవు. ఇత్తడి గుల్ల, దాని అడుగున దెబ్బతగిలిన నిప్పు పుట్టించు చిన్న క్యాపు, గుల్లలో మందు, మూతివద్ద బిగించిన గుండు. మీట నొక్కగానే సూది క్యాపును కొట్టును. క్యాపులోని నిప్పు మందును అంటించును. మందు మండి వేడివాయువు లగును. ఆ వాయువుల పీడనము గుండును గొట్టము వెంబడి త్రోయును.

ఈ పీడనము ఎంత? మన దేశమున పోలీసుల చేతులలో చాలకాలము కనబడిన త్రీనాట్ త్రీ రైఫిలును తీసికొందము. దాని గుండు బరువు సుమారు 11.3 గ్రాములు, గొట్టమునుండి వెలువడు వేగము సెకనుకు సుమారు 744 మీటర్లు. ద్రవ్యరాశిలో సగమును వేగముయొక్క వర్గముతో హెచ్చించిన గతిజశక్తి వచ్చునని తరగతిలో చదువుకొనియున్నాము. లెక్కకట్టిన సుమారు 3,100 జౌలు లగును. గొట్టపు రంధ్రము వ్యాసము 7.7 మిల్లీమీటర్లు, గుండు ప్రయాణము చేయు దూరము సుమారు 60 సెంటీమీటర్లు. అనగా గుండు వెనుక వాయువులు విస్తరించు ఘనపరిమాణము సుమారు 28 ఘన సెంటీమీటర్లు. శక్తిని ఈ ఘనపరిమాణముతో భాగించిన సగటు పీడనము వచ్చును. అది మన చుట్టునుగల వాతావరణ పీడనమునకు సుమారు 1,100 రెట్లు! ఇది సగటు మాత్రమే. గుండు కదలిన కొద్ది సెంటీమీటర్లలోనే పీడనము మూడువేల రెట్ల సమీపమునకు పోయి, పిదప క్రమముగ తగ్గును. ఇదంతయు సెకనులో వెయ్యవ వంతుకు కొంచెము ఎక్కువ కాలములో ముగియును.

మందు చేయవలసిన పని యెంత సున్నితమైనదో దీనినిబట్టి తెలియును. అది మరీ తొందరగా మండినచో గుండు కదలకముందే పీడనము మితిమీరి గొట్టము పగులును. మరీ మెల్లగా మండినచో గుండు బయటపడిన తరువాత కూడ సగము మందు మిగిలియుండును. గుండు ప్రయాణమునకును, మందు దహనమునకును జత కుదరవలెను.

పాతమందు, క్రొత్తమందు

శతాబ్దములుగా వాడుకలోనుండిన తుపాకిమందు మూడు పదార్థముల మిశ్రమము. నూటికి సుమారు 75 పాళ్లు పెట్లుప్పు, అనగా సురేకారము. 15 పాళ్లు బొగ్గు. 10 పాళ్లు గంధకము. పెట్లుప్పు ఆమ్లజనిని ఇచ్చును. బొగ్గు, గంధకము మండును. పాట్నా ప్రాంతపు పెట్లుప్పుకై ఐరోపా వర్తక కంపెనీలు పోటీపడిన సంగతి చరిత్రలో కలదు. ఈ మందులో ఒక పెద్ద లోపమున్నది. 1870 తరువాత ఇంగ్లండులో నోబుల్, ఏబెల్ అను శాస్త్రజ్ఞులు దీనిని మూసిన ఉక్కుపాత్రలో మండించి పరిశీలించిరి. మండిన తరువాత బరువులో సుమారు 43 పాళ్లు మాత్రమే వాయువులగునని, మిగిలిన 57 పాళ్లు ఘనపదార్థములుగనే ఉండునని తేలెను. యుద్ధరంగమును కప్పివేయు పొగయు, గొట్టములో పేరుకొను మసియు ఈ ఘనపదార్థములే.

1846లో స్విట్జర్లండులోని షోన్‌బైన్ దూదిని నత్రికామ్ల, గంధకికామ్లముల మిశ్రమములో ముంచి క్రొత్త పదార్థమును తయారుచేసినట్లు ప్రకటించెను. చూచుటకు అది మామూలు దూదియే. కాని దాదాపు పూర్తిగా వాయువులై పొగలేకుండ మండును. వెంటనే దీనిని తుపాకులలో వాడజూచిరి. ఫలితము భయంకరము. దూది పోగులలో సందులు లెక్కలేనన్ని. మంట క్షణములో అన్నిటిలో చొరబడును. తుపాకులు పగిలినవి. 1847లో ఇంగ్లండులోని ఫేవర్‌షామ్‌వద్ద ఈ దూదిని చేయు కర్మాగారమే ప్రేలి పలువురు మరణించిరి.

ఈ దూదిని లొంగదీసిన ఘనత ఫ్రెంచి రసాయనజ్ఞుడు పాల్ వియేయ్‌కు దక్కినది. 1884లో ఆయన దానిని ఈథరు, ఆల్కహాలు మిశ్రమముతో పిసికి జిగురుముద్దగా చేసి, పలుచని రేకులుగా సాగదీసి, ముక్కలుగా కోసి ఆరబెట్టెను. పోగులు మాయమైనవి, సందులు పూడిపోయినవి. ఇక మంట పలుకుయొక్క ఉపరితలముననే ఆరంభమై పొరపొరగా లోపలికి పోవలెను. రసాయన సంఘటన మారలేదు. రూపము మాత్రమే మారినది. అంతటితో విధ్వంసక పదార్థము విధేయమైన ఇంధనమైనది! 1887లో ఆల్ఫ్రెడ్ నోబెల్ దీనిలో నైట్రోగ్లిసరినును కలిపి బాలిస్టైటును, 1889లో ఏబెల్, డ్యూవార్లు కార్డైటును తయారుచేసిరి. కార్డైటును త్రాళ్లవలె సన్నగా వత్తుదురు. త్రీనాట్ త్రీ తూటాలలో చాలకాలము వాడినది ఇదియే. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో నీలగిరులలోని అరువన్‌కాడువద్ద దీనికొరకు ఒక కర్మాగారము ఏర్పడినది.

పలుకు రూపమహిమ

మందు పలుకు పొరపొరగా మండునను సూత్రమును 1839లో ఫ్రెంచి సేనాని పియోబెర్ తెలిపెను. దీనినుండి ఒక జ్యామితి పాఠము లభించును. గోళాకారపు పలుకు మండుచు వ్యాసార్ధము సగమగునప్పటికి ఉపరితలము నాలుగవ వంతగును. అనగా మొదట వాయువు ఎక్కువ, పోనుపోను తక్కువ. కాని మనకు కావలసినది దీనికి వ్యతిరేకము. గుండు ముందుకు పోయినకొలది వెనుక చోటు పెరుగుచుండును గదా! ఆ చోటును నింపుటకు వాయువు కూడ పెరుగుచుండవలెను.

రంపపుపొట్టు పొయ్యిని చూచినవారికి దీనికి ఉపాయము తట్టును. ఆ పొయ్యిలో నడుమ ఒక రంధ్రము విడిచి చుట్టును పొట్టును కూరుదురు. నిప్పు రంధ్రపు లోగోడను అంటి వెలుపలికి పాకును. రంధ్రము వెడల్పగుకొలది మండు తలము పెరుగును, మంట తగ్గదు. 1860 ప్రాంతమున అమెరికా సైన్యములోని రాడ్‌మన్ ఫిరంగిమందు బిళ్లలకు రంధ్రములు పెట్టుటలో ఉన్నది ఈ సూత్రమే.

లెక్క కూడ సులభము. ఒక గొట్టమువంటి పలుకు లోపల, వెలుపల ఒకేసారి మండుచున్నదనుకొనుడు. వెలుపలి వ్యాసార్ధము కొంత తగ్గగా, లోపలి వ్యాసార్ధము సరిగ అంతే పెరుగును. రెండు పరిధుల మొత్తము మారదు. కనుక చివరలను లెక్కలోనికి తీసికొననిచో మండు తలము తుదివరకు ఒకే రీతిగ ఉండును. రంధ్రములు ఒకటికి బదులు ఏడున్నచో, తగ్గు పరిధి ఒకటి, పెరుగు పరిధులు ఏడు; మండు తలము పోనుపోను పెరుగును. పెద్ద ఫిరంగుల మందునకు ఏడు రంధ్రము లుండుట ఇందుకే. రైఫిలు మందు పలుకు చిన్నది గనుక ఒక రంధ్రముతో సరిపెట్టి, పై పొరలో మంటను మందగింపజేయు రసాయనమును పూయుదురు. పై పొర మెల్లగను, లోపలి భాగము త్వరగను మండును. దానిపైన పూసిన గ్రాఫైటు స్థిరవిద్యుత్తు పేరుకొనకుండ కాపాడును.

పీడనము పెరిగిన మంట పెరుగును

ఇప్పుడు అసలు కీలకమునకు వత్తము. పలుకు మండు వేగము స్థిరముగ ఉండదు. చుట్టును పీడనము హెచ్చినకొలది హెచ్చును. వేడివాయువులు పలుకు తలమునకు మరింత దగ్గరగ ఒత్తుకొని, ఉష్ణమును మరింత త్వరగ లోపలికి పంపుటయే దీనికి కారణము. ఆరుబయట సెకనుకు మిల్లీమీటరుకు అటునిటుగా కాలు మందు, తుపాకిలో సెకనుకు పాతిక సెంటీమీటర్ల వేగముతో కాలగలదు. సగము మిల్లీమీటరు మందముగల గోడ రెండువైపులనుండి సెకనులో వెయ్యవ వంతు కాలములో కాలిపోవలెనన్న అంత వేగము అవసరమే గదా!

వియేయ్ ఈ సంబంధమును సూత్రీకరించెను. దహనవేగము పీడనముయొక్క ఒకానొక ఘాతమునకు అనులోమానుపాతములో ఉండును. పొగలేని తుపాకిమందులకు ఆ ఘాతము ఒకటికి కొంచెము తక్కువ, సుమారు 0.8, 0.9 ప్రాంతము.

ఇక మన ప్రశ్నకు రండు. గుండు వేగము సగమైన, సెకనుకు 372 మీటర్లు. గతిజశక్తి నాలుగవ వంతు. గొట్టము పొడవు మారలేదు గనుక సగటు పీడనము కూడ నాలుగవ వంతే. అనగా 1,100 బదులు సుమారు 275 వాతావరణములు. ఘాతమును 0.85 అనుకొనిన, పీడనము నాలుగవ వంతు కాగా దహనవేగము మూడవ వంతు కంటెను కొంచెము తగ్గును. గుండు నెమ్మదిగా పోవుచున్నది గనుక మండుటకు దొరకు కాలము రెండింత లగును. మూడవ వంతు వేగము, రెండింతల కాలము; రెంటిని హెచ్చించిన సుమారు మూడింట రెండు వంతులు, సరిగ చూచిన ఇంకను తక్కువ. అనగా పూర్తి వేగపు తూటాలో గొట్టము చివరకు వచ్చునప్పటికి పూర్తిగ కాలు పలుకు, సగము వేగపు తూటాలో దాదాపు మూడవ వంతు మందము కాలకయే మిగులును.

ఇది ఒక విషవలయము. మందు తగ్గిన పీడనము తగ్గును. పీడనము తగ్గిన దహనము మందగించును. దహనము మందగించిన పీడనము ఇంకను తగ్గును. అందుచేతనే సగము మందు సగము వేగము నీయదు. ఎంత ఇచ్చునో కూడ ముందుగ చెప్పలేము.

పొంచియున్న ప్రమాదములు

మొదటి ప్రమాదము గుండు గొట్టములోనే చిక్కుకొనుట. పీడనము చాలక గుండు మధ్యలో నిలిచిపోవును. శబ్దము సన్నముగ వచ్చుటచే కాల్చినవాడు గమనింపక రెండవ తూటా కాల్చినచో, వెనుకనుండి వచ్చు గుండునకు దారిలేక గొట్టము పగులును.

రెండవది మందు కదలిక. సగము ఖాళీగనున్న గుల్లలో, తుపాకిని పైకెత్తిన మందు క్యాపువద్దకు, క్రిందికి వంచిన గుండువద్దకు జారును. నిప్పు అంటుకొను తీరు ప్రతిసారియు మారును, వేగమును మారును.

మూడవది వింతయైనది. మెల్లగా మండు మందును మరీ తక్కువగ నింపినప్పుడు పీడనము తగ్గుటకు మారుగ ఒక్కొక్కసారి హద్దుమీరి తుపాకి పగిలినట్లు నివేదికలు కలవు. దీనికి కారణమేమన్న విషయమున నిపుణులకు ఏకాభిప్రాయము లేదు. క్యాపు నిప్పుకే గుండు కొంచెము జరిగి గొట్టపు గాడులలో ఆగిపోవుననియు, మిగిలిన మందు ఆలస్యముగ ఒక్కుమ్మడిగ అంటుకొనునప్పటికి ఆగిన గుండు బిరడావలె అడ్డుపడుననియు ఒక వాదము. కారణమేదైనను, మెల్లమందులకు ఇంతకంటె తగ్గింపరాదను కనీసపు హద్దును తయారీదారులు పట్టికలలో అచ్చువేయుట ఈ భయముచేతనే.

మరి ఏ మందు తగినది?

పైలెక్కయే సమాధానమును సూచించుచున్నది. తక్కువ పీడనములో, దొరికిన కాలములో పూర్తిగ మండవలెనన్న పలుకు గోడ పలుచగ ఉండవలెను. అనగా తక్కువ వేగపు తూటాకు కావలసినది తక్కువ మందు మాత్రమే కాదు. త్వరగ మండు మందు. పొయ్యిలో మొద్దు అంటుకొననిచో మొద్దును చిన్నదిగ నరికిన చాలదు, పుల్లలుగ చీల్చవలెను.

కాని ఇక్కడ మరియొక చిక్కు కలదు. త్వరగ మండు మందు కొంచెము చాలును. అది గుల్లలో అడుగున ఏ మూలనో పడియుండును. పొరబాటున రెండుసార్లు పోసినను గుల్ల పొంగిపొరలదు, కంటికి కనబడదు. ఆ రెట్టింపు మందు తుపాకిని, దానిని పట్టినవానిని కూడ నాశనము చేయగలదు. కనుక మంచి మందునకు నాలుగు గుణములు ఉండవలెను: తక్కువ పీడనములో నిలకడగ మండుట, సులభముగ అంటుకొనుట, గుల్లలో ఎక్కువ చోటు ఆక్రమించుట, రెండుసార్లు పోసిన పొంగి తన తప్పును తానే చూపుట. ఈ శతాబ్దపు తొలి దశకములో ఆస్ట్రేలియాలో తయారై అమెరికాలో అమ్ముడైన ట్రెయిల్ బాస్ అను మందు పలుకులు నడుమ రంధ్రముగల చిన్న వడలవలె ఉండును. అవి ఒకదానిలో ఒకటి ఇమడక, బరువు తక్కువైనను చోటు నిండించును. ఇక్కడ కూడ సమస్యను తీర్చినది ప్రధానముగ రూపమే!

ఇట్టి ఎన్నిక ఊహతో జరుగునది కాదు. మందు చేయువారు దానిని మూసిన పాత్రలో మండించి పీడనము కాలముతో ఎట్లు పెరుగునో చూతురు. పరీక్షా గొట్టములలో కాల్చి కొలుతురు. నోబుల్ కాలములో చిన్న రాగికడ్డీ ఎంత నలిగినదో చూచి పీడనమును అంచనా వేసెడివారు. నేడు ఒత్తిడికి విద్యుత్తును పుట్టించు స్ఫటికములు క్షణక్షణపు పీడనమును గీతగా చూపును. ఆ పరీక్షలనుండి వచ్చిన పట్టికలను తెలిసినవారెవరును దాటరు.

శ్రీహరికోటలో ఇదే పాఠము

ఈ సూత్రములు తుపాకికి మాత్రమే చెందినవి కావు. మన ఆంధ్రప్రదేశ్ తీరమునగల శ్రీహరికోటలో రాకెట్లకు ఘన ఇంధనపు దిమ్మెలు పోతపోయుదురు. వాటి నడుమ రంధ్రము విడుతురు. ఆ రంధ్రము వృత్తముగ ఉండవలెనా, నక్షత్రముగ ఉండవలెనా అనునది త్రోపుడు కాలముతో ఎట్లు మారవలెనో దానినిబట్టి నిర్ణయింతురు. వియేయ్ ఘాతము ఇక్కడ మరింత ముఖ్యము. అది ఒకటిని మించినచో, పీడనములో చిన్న పెరుగుదల దహనమును, ఆ దహనము మరల పీడనమును పెంచుచు పోయి రాకెట్టు పగులును. అందుచే ఘాతము ఒకటికి చాల తక్కువగనుండు ఇంధనములనే ఎన్నుకొందురు.

తరగతిలో చూపుటకు

ఉపాధ్యాయులు ఈ పాఠమును మందు అవసరము లేకుండనే చూపవచ్చును. రెండు గాజుపాత్రలలో సమానముగ సజల ఉదజహరికామ్లమును పోసి, ఒకదానిలో పాలరాతి ముక్కను, రెండవదానిలో అంతే బరువుగల పాలరాతి పొడిని వేయుడు. పొడి బుసబుస పొంగును. ముక్క నిదానముగ బుడగలు వదలును. తుదకు వెలువడు వాయువు రెంటిలో సమానమే. ఆమ్లము చిలుకుట కలదు గనుక పాత్రలు పెద్దవై ఉండవలెను. కన్నులకు రక్షణ ఉండవలెను. కాలమునకు ఎదురుగ వాయు పరిమాణమును గీసిన రెండు గీతలు విద్యార్థులకు పై వ్యాసమంతయు చెప్పును.

ఒక హెచ్చరిక. దీపావళి సమయమున బాణసంచా విప్పి, మందు తీసి, గొట్టములలో కూరి ఆడుకొని వ్రేళ్లు, కన్నులు పోగొట్టుకొను బాలుర వార్తలు వినుచునేయున్నాము. "కొంచెమే గదా" అనునది వారి ధైర్యము. ఆరుబయట బుస్సుమని ఆరిపోవు చిటికెడు మందే మూసిన గొట్టములో బాంబగునని, అపాయమును నిర్ణయించునది మందు బరువొక్కటే కాదని, పలుకు రూపము, ఉన్న చోటు, పెరుగు పీడనము కలిసి దానిని నిర్ణయించునని వారికి ఎవరును చెప్పియుండరు. చెప్పవలసిన స్థలము తరగతిగదియే.